గుండె మాత్రలు ఉన్నట్టుండి మానకండి

ఎమ్మిగనూరు దగ్గరి నందవరం నుంచి అరవై ఏళ్ళ రైతు ఒకాయన నా దగ్గరికి వచ్చారు. గుండెనొప్పికి నాలుగేళ్ళుగా అటెనొలాల్ మాత్ర వాడుతున్నారు.

"ఈ మాత్రతో ఒకటే నీరసం సార్. చేతులు కాళ్ళు సల్లగైతాండాయి. అందుకే మానేసినా" అన్నారు. మానిన నాలుగో రోజు పత్తి బోరెం ఎత్తుతుంటే మళ్ళీ ఛాతీలో నొప్పి వచ్చిందట!

ఆయన చెప్పిన బాధలు నిజమే. తనంతట తాను మానడమే పొరపాటు.

కంగారు, శ్రమ కలిగినప్పుడు అడ్రినలిన్ గుండెను పరుగెత్తిస్తుంది. బీటా బ్లాకర్లు దానికి అడ్డుపడి గుండె శ్రమను తగ్గిస్తాయి. వీటిలో పేరుపొందిన ప్రొప్రనలాల్‌ను 1960లలో రూపొందించిన జేమ్స్ బ్లాక్ 1988లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతిని మరిద్దరితో పంచుకున్నారు.

దీర్ఘకాలం వాడితే కొందరికి నీరసం, చేతులు కాళ్ళు చల్లబడటం, నాడి నెమ్మదించడం కనిపిస్తాయి. ప్రొప్రనలాల్‌తో పీడకలలు రావచ్చు. కొందరు మగవారికి దాంపత్య జీవితంలో ఇబ్బంది కలుగుతుంది. సిగ్గుపడి ఆ సంగతి డాక్టరుకు చెప్పరు, మాత్ర మాత్రం మానేస్తారు! ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం పెరగవచ్చు. మధుమేహానికి మందు వాడేవారిలో చక్కెర పడిపోయినా గుండెదడ, వణుకు తెలియకపోవచ్చు. చెమట పడితే అనుమానించి పరీక్ష చేయించుకోవాలి.

మరి మానితే ఏమవుతుంది? ఏళ్ళ తరబడి అడ్డుకట్టకు అలవాటుపడిన గుండె అడ్రినలిన్‌కు మరింత చురుగ్గా స్పందిస్తుంది. కట్ట ఒక్కసారిగా తెగితే వరద వచ్చినట్టే! గుండెనొప్పి తిరగబెట్టవచ్చు, గుండెపోటూ రావచ్చు. అందుకే మానవలసి వస్తే డాక్టరు సలహాతో కొన్ని వారాలపాటు మోతాదు తగ్గిస్తూ పోవాలి. మిరప కోతలకు గుంటూరు వైపు వెళ్ళేవారు, పెళ్ళిళ్ళకు ఊళ్ళు తిరిగేవారు మాత్రలు అయిపోకుండా వెంట ఉంచుకోవాలి.

నాడి నిమిషానికి 50 లోపు ఉన్నా, కళ్ళు తిరుగుతున్నా డాక్టరుకు చెప్పండి. స్పృహ తప్పినా, ఆయాసం, ఛాతీనొప్పి వచ్చినా ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయండి.

ఆ రైతుకు ఇ.సి.జి. తీసి, ఆస్పత్రిలో ఉంచి, తక్కువ మోతాదులో మాత్ర మళ్ళీ మొదలుపెట్టాము. ఇప్పుడు నీరసం తగ్గింది. ఆ మాట ముందే వచ్చి చెప్పి ఉంటే, నొప్పి దాకా వచ్చేది కాదు.