అందరికీ కాదు.. కొందరికే!

అలిపిరి పాదాల మండపం దగ్గర ఓ పది నిమిషాలు నిలబడి చూడండి. మెట్టుమెట్టుకీ పసుపూ కుంకుమా పెట్టుకుంటూ ఎక్కేవాళ్లు కొందరు, పిల్లల్ని భుజాన వేసుకుని గోవిందా అంటూ పరుగులాంటి నడకతో వెళ్లేవాళ్లు కొందరు. ఆ దారిలోని కొట్లనూ చూడండి. కొయ్యబొమ్మలు, స్వామివారి పటాలు, పూసల దండలు, కీచెయిన్లు. పక్క కొట్లోనూ అవే. ఆ పక్కదాంట్లోనూ అవే! అయినా అందరికీ అంతో ఇంతో బేరం తగులుతూనే ఉంటుంది. ఎందుకంటే జనమే కొట్టు ముందు నుంచి నడిచి వెళతారు. 3,550 మెట్ల దారి మొదలయ్యేది అక్కడే మరి.

అదే కొట్టును ఇంటర్నెట్‌లో తెరిస్తే? ముందు నుంచి నడిచి వెళ్లేవాళ్లుండరు. అవే కీచెయిన్లను దేశం నలుమూలల నుంచీ వందలమంది అమ్ముతుంటారు, రూపాయి తక్కువకే. ఆ పోటీలో చిన్నవాడు నెగ్గడం కష్టం. అతనికి మిగిలే దారి ఒక్కటే. ఎక్కడపడితే అక్కడ దొరకనిదాన్ని, దానికోసమే వెతుక్కునే కొద్దిమందికి అమ్మడం.

ఈ సంగతిని అమెరికాలో క్రిస్ ఆండర్సన్ అనే పాత్రికేయుడు 2004లో ‘వైర్డ్’ పత్రికలో రాశాడు. ‘లాంగ్ టెయిల్’ అని పేరు పెట్టాడు. ఊళ్లోని పుస్తకాల షాపు అరలో ఎక్కువమంది కొనే పుస్తకాలకే చోటుంటుంది. ఇంటర్నెట్‌కి ఆ ఇబ్బంది లేదు. ఏడాదికి నలుగురే అడిగే పుస్తకాన్నీ పెట్టుకోవచ్చు. అలాంటి ‘నలుగురి’ సరుకులన్నీ కలిస్తే చిన్న వ్యాపారమేం కాదని ఆయన లెక్క. చదవడానికి అమెరికా కబురులా ఉంటుంది కానీ, దీన్ని మనవైపు చూడాలంటే అలిపిరి నుంచి నలభై కిలోమీటర్లు వెళితే చాలు.

కలం పట్టిన ఊరు

శ్రీకాళహస్తి. స్వర్ణముఖి ఒడ్డున కలంకారీ బతికిన ఊరు. ఒకప్పుడు గుళ్లలో కట్టే తెరలకూ రథాల అలంకరణకూ పనికొచ్చిన ఈ కళ, ఆదరణ తగ్గి ఇంచుమించు అడుగంటింది. కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో 1950ల చివర్లో ఇక్కడ శిక్షణ కేంద్రం పెట్టాకే మళ్లీ ఊపిరి పోసుకుంది. ఈ ఊరి కళాకారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. 2005-06లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

పని చూస్తే ఓపిక ఎవరిదో తెలుస్తుంది. బట్టను కరక్కాయ కలిపిన గేదెపాలలో ముంచి ఆరబెడతారు. రంగు అటూ ఇటూ పాకకుండా ఉండటానికే ఆ పాలు. చింతపుల్లల బొగ్గుతో బొమ్మ గీస్తారు. వెదురుపుల్లకు ఉన్ని చుట్టి, దారంతో బిగిస్తే అదే కలం. నల్లరంగు కావాలంటే తుప్పుపట్టిన ఇనుమునూ బెల్లాన్నీ నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెట్టాలి. పటిక పూసి, ఉడకబెట్టి, ఉతికి, ఆరబెట్టి, మళ్లీ పూసి.. పదిహేడు నుంచి ఇరవై మూడు దాకా దశలంటారు!

ఇంత కష్టపడ్డ చీరను కొట్లో వేలాడదీస్తే ఏమవుతుంది? దాని పక్కనే స్క్రీన్ ప్రింట్ చీర ఉంటుంది. ధర అందులో ఎన్నో వంతుకే. దారిన పోయే మనిషి దేన్ని తీసుకుంటాడో చెప్పక్కర్లేదు. ఫోన్‌లో అయితే కథ మారుతుంది. అక్కడ కొనేది దారిన పోయే మనిషి కాదు. రామాయణ ఘట్టాలున్న పెళ్లిచీర కోసం నెలల ముందే వెతికే తల్లి కావచ్చు. కొత్త ఇంటి గోడకి పెద్ద తెర కావాలనుకునే ఎన్నారై కావచ్చు. వాళ్లు ధరకంటే ముందు ‘చేత్తో వేసిందేనా?’ అనడుగుతారు.

చిక్కంతా ఆ ప్రశ్నతోనే. కలంకారీ అని వెతికితే నెట్‌లో కుప్పలు తెప్పలుగా వచ్చేవాటిలో మిల్లు ప్రింట్లకు లెక్కలేదు. మచిలీపట్నం పక్కన పెడనలో చెక్క అచ్చులతో అద్దేదీ కలంకారీనే, అది నకిలీ కాదు, వేరే పద్ధతి. మిషన్ మీద వేసిందానికి ఆ పేరు పెట్టడమే మోసం. అందుకే అమ్మేవాళ్లు ‘పెన్ కలంకారీ’ అనే మాట వాడటం మొదలుపెట్టారు. ఆ మాటనూ కాపీ కొట్టడానికి ఎంతసేపు? కొనేవాళ్లు చూడాల్సింది గీతను. చేత్తో వేసిన రెండు నెమళ్లు అచ్చుగుద్దినట్టు ఉండవు. కొత్త బట్టకి పాలవాసన లీలగా ఉంటుంది, అది లోపం కాదు.

వాసన ఫోన్‌లో రాదుగా! కాబట్టి అమ్మేవాళ్లు పనిని చూపించాలి. కలం పట్టిన చెయ్యి, సగం గీసిన సీత, ఆరుతున్న బట్ట. వాట్సాప్‌లో పంపే ఓ నిమిషం వీడియో నాలుగు పేజీల వర్ణనకంటే నమ్మకమిస్తుంది. భౌగోళిక గుర్తింపు చట్టం కింద అధీకృత వినియోగదారుగా నమోదైతే ఆ సంగతీ చెప్పొచ్చు.

పన్ను సంగతి

ఇదివరకు ఈ-కామర్స్ సైట్లలో సరుకు అమ్మాలంటే చిన్నవాళ్లకూ జీఎస్టీ నమోదు తప్పేది కాదు. 2023 అక్టోబరు 1 నుంచి, టర్నోవరు పరిమితి దాటనివాళ్లు రాష్ట్రం లోపల అమ్ముకోవడానికి ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుంటే చాలు. బయటి రాష్ట్రాలకు పంపేటప్పుడు నిబంధనలు వేరు, ఆడిటర్‌ని అడగడమే మేలు. ఎర్రచందనం బొమ్మలు అమ్మేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. అది అంతర్జాతీయ సైటీస్ ఒప్పందం జాబితాలోని చెట్టు. తగిన అనుమతులు లేకుండా ఆ బొమ్మను విదేశాలకు పార్సిల్ చేశారో.. కేసే!

మరో సంగతి. ఈ వైపు జోరు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యలో. ఎండ లేకపోతే బట్ట ఆరదు, రంగు తేలదు. కార్తీకం పెళ్లిళ్ల ఆర్డర్లు వచ్చేదీ ఆ రోజుల్లోనే. వాన పడుతోంది, ఇంకో పదిరోజులు పడుతుంది అని ముందే మెసేజ్ పెడితే, పాలలో ముంచిన బట్ట సంగతి తెలిసిన మనిషి ఆగుతుంది. తెలియని మనిషి ఆర్డర్ క్యాన్సిల్ చేసి ప్రింట్ చీర కొనుక్కుంటుంది.