ఢిల్లీలో మన పైరవీ

బూర్గంపాడు మండలాన్ని రెండు ముక్కలు చేసిన ఆర్డినెన్స్ 2014 మే 29న వచ్చింది. పోలవరం ప్రాజెక్టు ముంపు పేరుతో కొన్ని ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. బూర్గంపాడు, సారపాక ఇటు తెలంగాణలోనే మిగిలాయి. తెలంగాణ ఏర్పడింది జూన్ 2న. అంటే గీత గీసిన నాటికి ఢిల్లీలో మన తరఫున తలుపు తట్టడానికి తెలంగాణ ప్రభుత్వమే లేదు. జులైలో పార్లమెంటు ఆ ఆర్డినెన్స్‌ను చట్టం చేసింది.

ఆ తలుపు తట్టే పనినే లాబీయింగ్ అంటారు. మన నోట పైరవీ. పాస్‌బుక్కు కోసం తహసీల్ ఆఫీసుకు వెంట వచ్చే మనిషి చేసేదీ అదే, కాకపోతే చిన్నది.

తర్వాత తెలంగాణ ప్రభుత్వం ఢిల్లీలో ప్రత్యేక ప్రతినిధిగా సముద్రాల వేణుగోపాలాచారిని పెట్టుకుంది. ఆయన 1985, 1989, 1994లలో నిర్మల్ ఎమ్మెల్యే. ఆపైన ఆదిలాబాద్ ఎంపీ, యునైటెడ్ ఫ్రంట్ ప్రభుత్వంలో కేంద్ర సహాయ మంత్రి, 2009లో మళ్లీ ముథోల్ ఎమ్మెల్యే. ఇలాంటి వారిని ఎందుకు ఎంచుకుంటారు? ఫైలు ఏ బల్ల మీద ఆగిందో, ఎవరిని అడిగితే కదులుతుందో వాళ్లకు తెలుసు. పదవి పోయినా పరిచయాలు పోవు. ఆ అనుభవం రాష్ట్రానికి పనికిరావడం మంచిదేనని నా అభిప్రాయం. అటవీ అనుమతి కావాలన్నా, ముంపు మీద మొర పెట్టుకోవాలన్నా ఢిల్లీ గడప తొక్కక తప్పదు.

చిక్కు వేరేచోట ఉంది. అవే పరిచయాలను మాజీ ఎమ్మెల్యే ఒక కంపెనీకి అద్దెకిస్తే? అమెరికాలో 1995 నాటి చట్టం ప్రకారం ఫెడరల్ లాబీయిస్టు పేరు నమోదు చేసుకోవాలి. ఎవరి కోసం, ఏ విషయం మీద, ఎంత సొమ్ముకు పనిచేస్తున్నాడో ఇప్పుడు మూడు నెలలకోసారి చెప్పాలి. ఫ్లోరిడాలోనైతే దిగిపోయిన శాసనసభ్యుడు ఆరేళ్లపాటు డబ్బు తీసుకుని ఆ సభ దగ్గర పైరవీ చేయకూడదు. మన దగ్గర రిటైరైన ఐఏఎస్ అధికారి ప్రైవేటు కొలువులో చేరాలంటే ఏడాది ఆగాలి, లేదా అనుమతి తెచ్చుకోవాలి. ఎమ్మెల్యేకు ఆ ఏడాదీ లేదు. 2013లో లోక్‌సభ సభ్యుడు కాళీకేశ్ సింగ్‌దేవ్ లాబీయింగ్ వివరాలు బయటపెట్టించే ప్రైవేటు బిల్లు తెచ్చారు. అది చట్టం కాలేదు.

అవినీతి నిరోధక చట్టంలోని 7ఎ సెక్షన్ ఒకటుంది. పలుకుబడి చూపి అధికారిచేత తప్పుడు పని చేయించడానికి సొమ్ము తీసుకుంటే అది నేరం. కానీ ఆ సొమ్ము పట్టుబడాలి, రుజువు కావాలి. రాష్ట్ర ప్రతినిధి ఖర్చుల గురించి బూర్గంపాడు రైతు పది రూపాయలతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. కంపెనీ మనిషిగా మారిన మాజీ ఎమ్మెల్యే ఎవరి పనిమీద సచివాలయం మెట్లెక్కాడో చూసుకోవడానికి ఆ రైతుకు రిజిస్టరే లేదు.