టేబుల్ అధికారులు (బాస్కెట్‌బాల్)

బాస్కెట్‌బాల్ ఆటలో కోర్టు వెలుపల, పొడవు గీత మధ్యభాగానికి ఎదురుగా వేసిన బల్ల వద్ద కూర్చుని స్కోరును, ఆట కాలాన్ని, ఫౌళ్ళను నమోదు చేసేవారిని టేబుల్ అధికారులు అంటారు. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య (ఫిబా) నియమాల ప్రకారం వీరు నలుగురు: స్కోరరు, సహాయ స్కోరరు, టైమరు, షాట్ క్లాక్ ఆపరేటరు. పెద్ద పోటీలలో వీరితో పాటు ఒక కమిషనరు కూడా ఉండవచ్చును. ఈల వేసి నిర్ణయం ప్రకటించేది రెఫరీలే అయినా, ఆ నిర్ణయం కాగితం మీద, గడియారం మీద నిలిచేది ఈ బల్ల వద్దనే.

స్కోరరు

స్కోరరు చేతిలోని స్కోరు షీటు ఆటకు అధికారిక పత్రం. ఆటగాళ్ళ పేర్లు, చొక్కా సంఖ్యలు ఆట మొదలు కాకముందే ఇందులో చేరాలి. ప్రారంభానికి 10 నిమిషాల ముందు ఇరుజట్ల శిక్షకులు ఆ వివరాలు సరిచూసి, మొదట ఆడబోయే ఐదుగురిని గుర్తించి సంతకం చేస్తారు. తరువాత ప్రతి బుట్టకు వరుస సంఖ్య మీద ఏటవాలు గీత, ప్రతి ఫ్రీ త్రోకు నింపిన చుక్క పడుతుంది. మూడు పాయింట్ల షాటు అయితే వేసిన ఆటగాడి సంఖ్య చుట్టూ సున్న చుట్టాలి. ఒకటవ, మూడవ క్వార్టర్లకు ఎర్ర సిరా, మిగిలిన వాటికి నీలం లేదా నల్ల సిరా వాడతారు. ఏ పాయింటు ఏ భాగంలో వచ్చినదో ఆట ముగిసిన తరువాత కూడా తెలియడానికే ఈ ఏర్పాటు.

ఫౌళ్ళ లెక్క మరింత సున్నితమైనది. ఒక ఆటగాడికి ఐదు ఫౌళ్ళు పడితే 30 సెకన్లలోపు అతని స్థానంలో వేరొకరు రావాలి. ఒక క్వార్టరులో జట్టు ఫౌళ్ళు నాలుగు దాటితే, బంతి తమ అధీనంలో లేనప్పుడు చేసే ఆ తరువాతి వ్యక్తిగత ఫౌళ్ళకు ఎదుటి జట్టుకు రెండు ఫ్రీ త్రోలు లభిస్తాయి. ఒక్క ఫౌలును పొరపాటున వేరొకరి పేరు ఎదుట రాస్తే మంచి ఆటగాడు అన్యాయంగా బయటకు పోవచ్చును. అందువలన రెఫరీ వేళ్ళతో చూపిన సంఖ్యను సహాయ స్కోరరు పైకి చదివి చెప్పడం, స్కోరరు తిరిగి పలికి రాయడం మంచి అలవాటు.

టైమరు, షాట్ క్లాక్ ఆపరేటరు

ఫిబా నియమాలలో ఆట 10 నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు. ఈల వినగానే టైమరు గడియారాన్ని ఆపుతాడు. బంతి తిరిగి ఆటలోకి వచ్చి కోర్టులోని ఆటగాడిని తాకగానే నడుపుతాడు. బుట్ట పడినప్పుడు గడియారం సాధారణంగా ఆగదు. నాలుగవ క్వార్టరు చివరి రెండు నిమిషాలలో, అదనపు సమయపు చివరి రెండు నిమిషాలలో మాత్రం ఆగుతుంది. కొత్తవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

షాట్ క్లాక్ ఆపరేటరు పని చూడటానికి సులువు, చేయడానికి కష్టం. బంతి చేజిక్కిన జట్టు 24 సెకన్లలో షాటు వేయాలి. షాటు రింగును తాకి, బంతి తిరిగి అదే జట్టుకు చిక్కితే గడియారాన్ని 14 సెకన్లకు మార్చాలి. ఎదుటి జట్టుకు చిక్కితే 24కు మార్చాలి. బంతి రింగును తాకినదా లేదా అన్నది కన్నుమూసి తెరిచేలోగా తేల్చుకోవాలి. అమెరికా వృత్తి లీగులో 1954లో 24 సెకన్ల నియమం వచ్చినది. ఫిబా 1956లో 30 సెకన్లు పెట్టి, 2000లో 24కు తగ్గించినది. అమెరికా పురుషుల కళాశాల ఆటలో 2015 నుండి ఈ గడువు 30 సెకన్లు. కనుక ఆ ఆటలను తెర మీద చూసి నేర్చుకున్న విద్యార్థి ఇక్కడి బల్ల వద్ద పొరబడే అవకాశం ఉన్నది.

కళాశాల పోటీలలో

వై.ఎస్.ఆర్. కడప జిల్లా వేంపల్లె మండలంలోని ఇడుపులపాయలో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయపు ఆర్.కె. వ్యాలీ ప్రాంగణం 2008లో ప్రారంభమైనది. పదవ తరగతి ముగించిన విద్యార్థులు ఇక్కడ ఆరేళ్ళు ప్రాంగణంలోనే ఉండి చదువుతారు. ఇటువంటి ఆవాస విద్యాసంస్థలలోనైనా, చుట్టుపక్కల పట్టణాల డిగ్రీ కళాశాలలలోనైనా, చిన్న పోటీలకు శిక్షణ పొందిన నలుగురు అధికారులు దొరకడం అరుదు. ఫిజికల్ డైరెక్టరు పర్యవేక్షణలో విద్యార్థులే ఆ బల్ల వద్ద కూర్చోవలసి వస్తుంది. జట్టులో చోటు దక్కని విద్యార్థికి నియమాలు నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి మార్గం లేదు.

రాయలసీమలో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. ఆరుబయటి సిమెంటు కోర్టు మీద నడిమధ్యాహ్నం ఆడించడం మంచిది కాదు. ఉదయం, సాయంత్రం వేళలే అనుకూలం. గాలికి కాగితం ఎగరకుండా అట్టకు క్లిప్పు, బల్లకు నీడ, చేతికి అదనపు కలం ఉండాలి. విద్యుత్ గడియారం లేనిచోట రెండు స్టాప్‌వాచీలు, ఒక గంట, అంకెలు రాసిన అట్టలు పెట్టుకొని పని నడిపించవచ్చును. అప్పుడు మిగిలిన సెకన్లను బిగ్గరగా లెక్కించేవాడి గొంతే షాట్ క్లాక్. ఆ గొంతు స్వంత కళాశాల జట్టు బంతి పట్టినప్పుడు మెల్లగా, ఎదుటి జట్టు పట్టినప్పుడు వేగంగా లెక్కించరాదు. బల్ల వద్ద కూర్చున్న విద్యార్థి చప్పట్లు కొట్టరాదు, శిక్షకులతో వాదించరాదు. సందేహం వస్తే బంతి నిర్జీవమయ్యే వరకు ఆగి, గంట మోగించి రెఫరీకి చెప్పాలి.

పొరపాట్లు, సంతకం

బల్ల వద్ద జరిగే గందరగోళం ఎంత దూరం పోగలదో 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ పురుషుల ఫైనలు చూపినది. మూడు సెకన్లు మిగిలి ఉండగా అమెరికా 50–49తో ముందంజలో ఉన్నది. సోవియట్ జట్టు టైమ్ ఔట్ కోరిన విషయంపై వివాదం రేగి, ఒక సెకను మిగిలి ఉండగా ఆట ఆగినది. మూడు సెకన్లూ తిరిగి ఇవ్వాలని నిర్ణయించారు గాని, గడియారాన్ని సరిచేయడం పూర్తి కాకముందే బంతిని ఆటలోకి వదిలారు. హారన్ మోగినది, అమెరికా ఆటగాళ్ళు సంబరాలు చేసుకున్నారు. ఆ మూడు సెకన్లను మళ్ళీ ఆడించగా అలెగ్జాండర్ బెలోవ్ వేసిన బుట్టతో సోవియట్ జట్టు 51–50తో గెలిచినది. రెఫరీ రెనాటో రిగెట్టో స్కోరు షీటు మీద సంతకం చేయడానికి నిరాకరించాడు. అమెరికా ఫిర్యాదు 3–2 ఓట్లతో వీగిపోయినది. ఆ జట్టు ఆటగాళ్ళు రజత పతకాలు స్వీకరించలేదు.

ప్రస్తుత నియమాల ప్రకారం ఫిర్యాదు చేయదలచిన జట్టు నాయకుడు ఆట ముగిసిన 15 నిమిషాలలోగా షీటు మీద సంతకం చేయాలి. స్కోరు లెక్కలోని తప్పును ప్రధాన రెఫరీ సంతకం చేసేలోగా సరిదిద్దవచ్చును. ఆయన సంతకంతో ఆటపై రెఫరీలకూ బల్లకూ ఉన్న బాధ్యత ముగుస్తుంది. అందువలన ఆట అయిపోగానే మైదానం ఖాళీ అవుతున్నా, స్కోరరు వరుస సంఖ్యలనూ ఆటగాళ్ళ పాయింట్లనూ విడివిడిగా కూడి, రెండూ సరిపోయిన తరువాతనే కాగితాన్ని ముందుకు జరపాలి.