పేగులోకి మైక్రోస్కోప్.. లోపల మన సిలబస్సే!

కొలనోస్కోపీలో చిన్న పాలిప్ కనిపించింది. క్యాన్సర్‌గా మారే రకమా, కాదా? మామూలుగా అయితే తీసి ల్యాబ్‌కి పంపి రిపోర్టు కోసం ఆగాల్సిందే. జపాన్‌లో షోవా యూనివర్సిటీ డాక్టర్లు, నగోయా యూనివర్సిటీ ఇంజినీర్లు వేరే దారి పట్టారు. 520 రెట్లు పెంచి చూపే ఎండోసైటోస్కోప్‌తో, మిథిలీన్ బ్లూ రంగు వేసి, పేగులోనే కణాల కేంద్రకాలు చూస్తారు. ఆ బొమ్మను చదివే సాఫ్ట్‌వేర్ ఎండోబ్రెయిన్‌కు 2018లో అక్కడ అనుమతి వచ్చింది. లోపలున్నది ఏంటో తెలుసా? మీరు పరీక్ష కోసం బట్టీపట్టిన సపోర్ట్ వెక్టర్ మెషీనే!

అప్పుడే చప్పట్లు కొట్టకండి. నార్వే, బ్రిటన్, జపాన్ ఆసుపత్రుల్లో చేసి 2022లో ప్రచురించిన అధ్యయనంలో, ముప్పున్న చిన్న పాలిప్‌లను గుర్తించడం 88.4 నుంచి 90.4 శాతానికే పెరిగింది. గణాంకాల ప్రకారం అది తేడానే కాదు. డాక్టర్లు ధీమాగా చెప్పగలిగినవి మాత్రం 74.2 నుంచి 92.6 శాతానికి ఎగబాకాయి. ఈ రంగంలోకి రావాలనుకుంటే పైథాన్ సరే, సెన్సిటివిటీ, స్పెసిఫిసిటీ లెక్కలు కూడా ఓసారి తిరగేయండి.