ఇద్దరమ్మాయిలు, ఒక రోగి



పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయిన మనిషికి మందులొక్కటే చాలవు. అన్నం కలుపుకోవడం, తల దువ్వుకోవడం, జాకెట్టు హుక్కులు పెట్టుకోవడం మళ్లీ నేర్పాలి. ఆ విద్య పేరు ఆక్యుపేషనల్ థెరపీ. మన దేశంలో 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో దీనికి బడి పెట్టినావిడ కమలా నింబ్కర్.

అమెరికాలో ఈ పనికి ఇద్దరుంటారు. థెరపిస్టు రోగిని పరీక్షించి ఏం చేయించాలో నిర్ణయిస్తుంది. ఆమె పర్యవేక్షణలో అసిస్టెంటు ఆ సాధన చేయిస్తుంది. ఒకరిది పోస్టుగ్రాడ్యుయేట్ చదువు, రెండోవారిది సాధారణంగా రెండేళ్లది. తరచు కాలేజీలే వేరు. ఉద్యోగంలో చేరాకే మొదటిసారి కలిస్తే, కొత్తకోడలు అత్తగారి వంటింట్లో అడుగుపెట్టినట్టే!

అందుకని కొన్ని కాలేజీలు ఇద్దర్నీ ముందే ఒకేచోట కూర్చోబెట్టి, ఒకే రోగి వివరాలిస్తాయి. ఒక ముసలావిడ అనుకోండి. "చొక్కా గుండీలతో మొదలుపెడదాం" అంటుంది థెరపీ చదివే అమ్మాయి. "ఆవిడ గుండీల బట్టలు వేసుకుంటుందా? తన టీ తను పెట్టుకోవాలనేగా ఆవిడ కోరిక!" అంటుంది అసిస్టెంటు విద్యార్థిని. నిజమే. కాని ఆ చేతికి స్పర్శ తెలియదు, కాలినా తెలియదు. కాబట్టి ముందు చన్నీళ్లతో సాధన అని ఇద్దరూ తేలుస్తారు.

ఆ రెండో అమ్మాయి నోరు మెదపకపోతే? నెలరోజులు గుండీలే! నన్నడిగితే, ఈ సంకోచం వదలడమే అసలు చదువు.

మన ఇళ్లలో ఆ రెండో మనిషి చాలాసార్లు మనమే. చెప్పిన కసరత్తు చేయిస్తాం గాని, ఇంట్లో మంచినీళ్ల గ్లాసు ఏ చేత్తో అందుకుంటున్నారో ఆసుపత్రిలో చెప్పం.