పంట మనదే, పిట్ట మాత్రం కాదు

జొన్న పాలకంకి మీద ఉన్నప్పుడు రామచిలుకల గుంపు వాలితే ఏమవుతుందో మెట్ట రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పొద్దుతిరుగుడుకూ మొక్కజొన్నకూ జామతోటకూ అదే బాధ. చిలుక తినేది కొంతే, కొరికి పడేసేది ఎక్కువ. మంచె ఎక్కి వడిసెల తిప్పడానికి కూలిమనిషి దొరకని రోజుల్లో, ఊళ్లో ఎవరి దగ్గరో ఉన్న ఎయిర్‌గన్ గుర్తుకు రావడం సహజమే. అప్పుడు రెండు వాదనలు వినిపిస్తాయి. ఈ తుపాకీకి లైసెన్సు అక్కర్లేదు కదా అన్నది ఒకటి. నా పంట తినే పిట్టను నేను కొడితే తప్పేంటి అన్నది రెండోది. వినడానికి రెండూ న్యాయంగానే ఉంటాయి కానీ చట్టం ముందు ఏదీ నిలవదు.

మొదటి వాదన రెండు వేరువేరు చట్టాలను కలిపేస్తుంది. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం బోరు 0.177 అంగుళాలు, శక్తి 20 జౌళ్లు దాటని ఎయిర్‌గన్‌కు లైసెన్సు అవసరం లేని మాట నిజమే. అయితే ఆ మినహాయింపు తుపాకీని దగ్గర ఉంచుకోవడం వరకే. దాంతో దేన్ని కొట్టవచ్చో, దేన్ని కొట్టకూడదో తేల్చేది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం. 1959 ఆయుధ చట్టంలో పంటల రక్షణ కోసం మందు కూరే తుపాకీకి లైసెన్సు ఇచ్చే ఏర్పాటు కూడా ఉంది. ఆ కాగితం చేతిలో ఉన్నవాళ్లు దాన్నే వేట అనుమతి అనుకుంటారు. ఆ లైసెన్సులో ఉన్నది తుపాకీ సంగతి ఒక్కటే. పైగా వన్యప్రాణి చట్టం దృష్టిలో వేట అంటే కాల్చడం ఒక్కటే కాదు. ఉచ్చు పన్నినా, వల వేసి పట్టినా, విషం కలిపిన గింజలు చల్లినా, గూడు చెదరగొట్టినా, గుడ్లు పగలగొట్టినా వేట కిందికే వస్తుంది. ఎయిర్‌గన్‌తో పిట్టలు కొట్టడం అలవాటుగా మారిన అరుణాచల్ ప్రదేశ్‌లో, ఆ తుపాకులను స్వచ్ఛందంగా అప్పగించమంటూ 2021లో ప్రభుత్వమే ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. లైసెన్సు అక్కర్లేని ఆయుధం అడవికి ఎంత చేటు చేయగలదో అక్కడివాళ్లు చూశారు.

రెండో వాదనకు కొంత చరిత్ర ఉంది. 1991 వరకు ఈ చట్టంలోనే చిన్న జంతువుల వేటకు లైసెన్సులు ఇచ్చే పద్ధతి ఉండేది. ఆ ఏడాది సవరణతో అది పోయింది. పంటకు చేటు చేసే పిట్టను కొట్టవచ్చన్న నమ్మకం తాతల నాటి నుంచి మిగిలి ఉండటానికి అదొక కారణం కావచ్చు. కాకికైతే చట్టంలోనే ఆ ముద్ర ఉండేది. ఐదో షెడ్యూలులో కాకి, ఎలుక, చుంచు, పండ్లు తినే గబ్బిలం హానికర జీవులుగా నమోదై ఉండేవి. 2022 సవరణ ఆ షెడ్యూలునే ఎత్తేసింది. 2023 ఏప్రిల్ 1 నుంచి, పుట్టుకతోనే హానికరమని చట్టం ముద్ర వేసిన పక్షి అంటూ దేశంలో ఏదీ లేదు. ఇప్పుడు చట్టం అడిగేది పిట్ట జాతి ఏమిటని మాత్రమే కాదు. ఎక్కడ, ఎప్పుడు, ఎంత నష్టం జరుగుతోంది, చంపమని రాతపూర్వకంగా ఎవరు చెప్పారు అని కూడా అడుగుతుంది. రామచిలుక లాంటి రెండో షెడ్యూలులోని ప్రాణి మనుషులకో, ఆస్తికో ప్రమాదంగా మారితే, రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు గానీ ఆయన అధికారం ఇచ్చిన అధికారి గానీ కారణాలు రాసి, ఫలానా ప్రాంతంలో చంపడానికి అనుమతించవచ్చు. ఆస్తి అన్నచోట చేలో నిలిచి ఉన్న పంట కూడా వస్తుందని సెక్షన్ 11 విడమరిచి చెప్పింది. ఇంకో దారి సెక్షన్ 62. కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చి, ఒక ప్రాంతంలో, ఒక గడువు వరకు రెండో షెడ్యూలు ప్రాణిని హానికరంగా ప్రకటించవచ్చు. బిహార్‌లో నీలగాయికి, హిమాచల్‌లో కోతికి అలాగే చేశారు. ఈ రెండు దారులూ కాకుండా రామచిలుకను కొడితే మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. ప్రాణం కాపాడుకోవడానికి చంపితే నేరం కాదన్న మినహాయింపు మనిషి ప్రాణానికే వర్తిస్తుంది, పంటకు కాదు.

నెమలి విషయంలో చట్టం మరీ బిగుసుకుంది. 1963 నుంచి జాతీయ పక్షి, మొదటి షెడ్యూలులో ఉంది. ఆ షెడ్యూలు ప్రాణి మనిషి ప్రాణానికి ముప్పయితేనో, కోలుకోలేని జబ్బో గాయమో ఉంటేనో తప్ప చంపే అనుమతి లేదు. పంట నష్టం అక్కడ కారణం కిందికే రాదు. హానికరంగా ప్రకటించే అధికారం కూడా కేంద్రానికి లేదు. శిక్ష మూడేళ్లకు తగ్గదు, ఏడేళ్ల దాకా పోవచ్చు. విత్తనం మొలిచే వేళ చేలో దిగి, మొలకలను వరసగా పీక్కుపోయే నెమళ్లను చూసే రైతుకు ఇది చాలా అన్యాయంగా కనిపిస్తుంది. ఆ కోపం వట్టిది కాదు, దాని సంగతికి మళ్లీ వస్తాను.

వేరే దేశాల్లో ఇంత కట్టుదిట్టం లేదు కదా అని కొందరంటారు. బ్రిటన్‌ను చూపిస్తారు. అక్కడ అడవిపావురాలను, కాకులను రైతులు విడివిడిగా దరఖాస్తు పెట్టకుండానే సాధారణ లైసెన్సు కింద కాల్చగలరు. అయితే 2019 ఏప్రిల్‌లో ఏం జరిగిందో కూడా చూడాలి. క్రిస్ ప్యాకమ్ తదితరులు నడిపే వైల్డ్ జస్టిస్ అనే సంస్థ, చట్టం కోరే షరతులు చూడకుండానే ఈ లైసెన్సులు ఇస్తున్నారని సవాలు చేసింది. వాటిని ఇచ్చే ప్రభుత్వ సంస్థ నేచురల్ ఇంగ్లండ్ 16 జాతులకు వర్తించే మూడు లైసెన్సులను ఉన్నపళంగా రద్దు చేయాల్సి వచ్చింది. గొర్రెపిల్లల కాలం, విత్తనాల కాలం కావడంతో రైతులు మండిపడ్డారు. తర్వాత కొత్తవి ఇచ్చారు కానీ, ఏ ప్రయోజనం కోసం చంపుతున్నారో, చంపకుండా ఆపే పద్ధతులు ముందు వాడారో లేదో తేలాలన్న షరతులు గట్టిపడ్డాయి. అంటే సడలింపు ఎక్కువ ఉన్నచోట కూడా పిట్ట పేరు ఒక్కటీ చాలదు, కారణం కావాలి. ఇంకో సంగతి. అక్కడ ఏటా అడవిపావురాలను పెద్ద ఎత్తున కాలుస్తున్నా, గత అర్ధశతాబ్దంలో వాటి సంఖ్య పెరిగిందే తప్ప తగ్గలేదు.

అసలైన అభ్యంతరం వేరే ఉంది. అధికారి కాగితం చేతికొచ్చేలోపు కంకి ఖాళీ అయిపోతుంది కదా? అవుతుంది. పాలుపోసుకునే దశ గడిచేది రోజుల్లో, దరఖాస్తు కదిలేది నెలల్లో. కానీ కాగితం వెంటనే వచ్చినా కాల్పులు పంటను కాపాడతాయా అన్నది చూడాలి. చిలుకలు ఒకచోట గుంపుగా నిద్రించి, దూరం నుంచి మేతకు వస్తాయి. పది పడితే మిగిలినవి పక్క చేను చూసుకుంటాయి, ఖాళీ అయిన చోటికి వేరే గుంపు వస్తుంది. రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం కేంద్రంగా పంట పక్షుల మీద అఖిల భారత పరిశోధన ప్రాజెక్టు దశాబ్దాలుగా నడిచింది. మెరిసే రిబ్బన్లు కట్టడం, గట్టు వెంబడి వరసల్లో మొక్కజొన్న కంకులకు ఆకులు చుట్టడం లాంటివి అక్కడి నుంచి వచ్చిన సిఫార్సులే. ఏదీ సీజనంతా ఒకేలా పనిచేయదు, పిట్టలు అలవాటు పడిపోతాయి. అందుకే పద్ధతులు మారుస్తుండాలి, చుట్టుపక్కల రైతులంతా ఒకేసారి విత్తుకుంటే నష్టం కూడా పంచుకున్నట్టవుతుంది. శనగపచ్చ పురుగును తినడానికి పిట్టలు రావాలని వ్యవసాయ శాఖే చేలో టి ఆకారపు పక్షి స్థావరాలు పాతమంటుందన్నది కూడా మరవకూడదు. తుపాకీ మోతకు చిలుకతోపాటు పురుగు తినే పిట్టా లేచిపోతుంది.

ఇక నెమలి రైతు కోపం. చంపే హక్కు ఇవ్వని చట్టం, నష్టం భరించే బాధ్యతనూ రైతు నెత్తినే వదిలేస్తే అది సగం న్యాయమే. దేశం మొత్తానికి జాతీయ పక్షి అయినప్పుడు దాని మేత ఖర్చు నాలుగెకరాల ఆసామి ఒక్కడే ఎందుకు భరించాలి? 2026 ఖరీఫ్ నుంచి వన్యప్రాణుల వల్ల జరిగే పంట నష్టాన్ని ఫసల్ బీమాలో చేరుస్తున్నట్టు కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. నష్టం జరిగిన 72 గంటల్లో రైతు యాప్‌లో ఫొటోలతో తెలపాలి. ఏయే ప్రాణులకు ఇది వర్తిస్తుందో రాష్ట్రాలే జాబితా ఇవ్వాలి. ఆ జాబితా రాసేటప్పుడు అడవిపంది ఎవరూ అడగకపోయినా గుర్తొస్తుంది. నెమలినీ రామచిలుకనూ చేర్చమని రైతు సంఘాలు పట్టుబట్టి అడగాల్సి ఉంటుంది.