చుక్కే కదా అని వదిలేస్తే ఇంజిన్‌కే ఎసరు!

పాత ఆక్టేవియా ఆర్‌ఎస్ అంటే స్పీడు పిచ్చి ఉన్నవాళ్లకి ఇప్పటికీ ఓ బలహీనత. మన దగ్గరికి 2004లో వచ్చింది. 1.8 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్, 150 హార్స్‌పవర్. హైదరాబాద్‌లో నా దగ్గరున్నది చాలా చేతులు మారి వచ్చిన బండి. మొన్న ఎండాకాలంలో ముందు బంపర్ కింద గులాబీ రంగు మరక కనిపించింది. ఏసీ నీళ్లకి రంగుండదు, ఆయిలైతే జిడ్డుగా తగులుతుంది. ఇది కూలెంటే.

రేడియేటర్‌కి అడ్డంగా అల్యూమినియం జాలీ, రెండు చివర్లా ప్లాస్టిక్ ట్యాంకులు ఉంటాయి. మధ్యలో రబ్బరు సీలు పెట్టి అంచుల్ని నొక్కి బిగిస్తారు. ఇరవై ఏళ్ల వేడికి ఆ ప్లాస్టిక్ పెళుసుబారుతుంది, సీలు గట్టిపడుతుంది. నా బండిలో కారుతున్నది సరిగ్గా అక్కడే. వెనకటి రాగి, ఇత్తడి రేడియేటర్లకైతే టంకం వేసి ఇంకో పదేళ్లు నడిపేవాళ్లు. మా మెకానిక్ చూసి ఒకటే మాటన్నాడు: "గిది అతుకేస్తే ఆగదన్నా, కొత్తది ఏసుడే."

అతుకు సలహాలకి మాత్రం కొదవ లేదు. ఒకరు లీకు మూసే మందు పొయ్యమన్నారు. ఇంకొకరు లారీవాళ్ల చిట్కా చెప్పారు, గుప్పెడు పసుపు! దారి మధ్యలో ఇరుక్కుపోతే ఇంటికి చేరడానికి అవి పనికొస్తాయేమో. కానీ కన్నాన్ని మూసే పదార్థం సన్నటి గొట్టాల్నీ మూసేస్తుంది. ఈ ఇంజిన్‌లో టర్బోని చల్లబరిచేది కూడా ఆ కూలెంటే.

అసలు భయం చుక్కలు కారడం గురించి కాదు. కూలింగ్ సిస్టమ్ ప్రెషర్ కుక్కర్ లాంటిది. లోపల ఒత్తిడి ఉన్నంతసేపే కూలెంట్ వంద డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. గాస్కెట్ పోయిన కుక్కర్‌లా ఆవిరి బయటికి పోతుంటే ముందే మరుగుతుంది. ఇంజిన్ హెడ్ అల్యూమినియం. మితిమీరి వేడెక్కితే వంగిపోతుంది, గాస్కెట్ పోతుంది. ఇక బిల్లు చూడక్కర్లేదు.

మీటర్ ముల్లు మధ్యలోనే ఉంది కదా అని ధైర్యపడొద్దు. కూలెంట్ బాగా తగ్గిపోతే సెన్సార్ చుట్టూ మిగిలేది గాలీ ఆవిరీ. అప్పుడు ముల్లు చెప్పే లెక్క తప్పే అవకాశం ఉంది. నేను నమ్మేది ట్యాంకు మీదున్న మిన్, మ్యాక్స్ గీతల్నే. రోజూ పొద్దున ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు చూస్తా. వేడి మీద మూత తిప్పితే మొహం కాలుతుంది, జాగ్రత్త.

మార్చడానికి బంపర్ ఊడదీసి, ముందు ఫ్రేమ్‌ని కాస్త ముందుకి జరిపారు. సగం రోజు పని. రేడియేటర్‌తో పాటు గొట్టాలు, థర్మోస్టాట్, ట్యాంకు మూత కూడా కొత్తవే వేయించా. ఒక్కటి కొత్తదైతే ఒత్తిడంతా పక్కనున్న పాతదాని మీద పడుతుంది మరి! పాత గొట్టం లోపల తెల్లటి పొర కట్టింది, ఎప్పుడో ఎవరో బోరు నీళ్లు పోసిన గుర్తు. ఈసారి కంపెనీ పుస్తకంలో రాసిన రకం కూలెంట్‌నే డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలిపి పోశారు. తర్వాత ఇంజిన్ ఆన్ చేసి, ఫ్యాన్ తిరిగేదాకా ఉంచి, లోపలి గాలి బయటికి పోనిచ్చారు. ఈ పనిలో తొందరపడే మెకానిక్‌ని నమ్మకండి. గాలి బుడగ మిగిలితే కొత్త రేడియేటర్ ఉన్నా బండి వేడెక్కుతుంది.

తీసిన పాత కూలెంట్‌ని కాలవలో పొయ్యనివ్వలేదు. తియ్యగా ఉంటుందని వీధి కుక్కలు నాకుతాయి, అందులోని ఇథిలీన్ గ్లైకాల్ వాటి ప్రాణం తీస్తుంది. మూత బిగించిన డబ్బాలో పోసి, మీద 'విషం' అని రాసి పెట్టా.